బిల్లు నా పేరు మీద ఉంది

లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో, హై స్ట్రీట్ నార్త్ నుంచి లోపలికి వెళ్తే వచ్చే వరస ఇళ్లలో ఒకదాన్ని నలుగురం పంచుకుని ఉంటున్నాం. బిల్లు నా పేరు మీద ఉంది. అందుకే స్మార్ట్ మీటరుతో పాటు ఉచితంగా ఇచ్చే చిన్న డిస్‌ప్లే కూడా నా మంచం పక్కకే చేరింది. కరెంటు వాడకం అందులో పది సెకన్లకోసారి మారుతుంది. తక్కువైతే పచ్చ, పెరిగితే నారింజ, మరీ పెరిగితే ఎరుపు.

ఎరుపు వెలగ్గానే నాకు మొదట తట్టేది "ఏం నడుస్తోంది?" అని కాదు, "ఎవరు?" అని. ఇల్లు మొత్తానికీ ఒకటే అంకె కాబట్టి ఆ సంగతి డిస్‌ప్లే చెప్పదు. ఆ ఖాళీని నా అనుమానం పూరిస్తుంది. అదీ ఎప్పుడూ నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి నీళ్లు కాచుకునే కుర్రాడి మీదికే పోతుంది. నేను ఇస్త్రీ చేసుకునేటప్పుడు మాత్రం అటు చూసిన గుర్తు లేదు.

పొదుపు మనిషినని నాకో నమ్మకం. ఖాళీ గదిలో లైటు కనిపిస్తే ఆర్పకుండా ఉండలేను. కానీ 3 కిలోవాట్ల కెటిల్ నిండా నీళ్లు మరగడానికి నాలుగు నిమిషాలనుకుంటే 0.2 యూనిట్ అవుతుంది. దాంతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 22 గంటలు వెలుగుతుంది. నా పొదుపంతా కంటికి ఆనేవాటి మీదే.

"అన్నా, అది వంటింట్లో పెడితే మేమూ చూసుకుంటాం కదా" అన్నాడా కుర్రాడు ఒకసారి. అక్కడ సిగ్నల్ అందదన్నాను. అందుతుంది.

స్వీడన్‌లోని ఇంటరాక్టివ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆంటన్ గుస్తాఫ్సన్, మాగ్నస్ యిలెన్స్వార్డ్ ఒక ప్లగ్ తీగ తయారుచేసి 2005లో దాని గురించి రాశారు. కరెంటు పారుతుంటే తీగే వెలుగుతుంది, ఎక్కువ పారితే ఎక్కువ వెలుగుతుంది. అంకె లేదు, డబ్బు ఊసు లేదు. స్విచ్ వేసినవాడికి వేసినచోటే తెలుస్తుంది. ఒకరకంగా మన వసారాల్లోని పాత మీటర్లూ ఇంతే. ఇస్త్రీపెట్టె పెట్టగానే అల్యూమినియం చక్రం గిర్రున తిరిగేది, ఎర్ర గీత ఎప్పుడొస్తుందా అని పిల్లలం చూసేవాళ్లం. చూడ్డానికి ఎవరినీ అడగక్కర్లేదు.

అలాంటి తీగ మా ఇంట్లో ప్రతి ప్లగ్గుకీ వస్తే బాగుంటుందని వాదించగలను. కానీ అప్పుడు నెలాఖరున బిల్లు పంచేటప్పుడు నాకు తెలిసిందే వాళ్లందరికీ తెలిసి ఉంటుంది. అది నాకు అంతగా ఇష్టం లేదు.