ఇల్లు చేతులు మారునపుడు

గోండ్‌పిప్రిలో ఇల్లు కొనబోవు మన తెలుగువారికి భయమేల? మాట్లాడునది తెలుగు, కాగితము మరాఠీ. సాత్‌బారాలో 7వ నమూనా హక్కును, 12వ నమూనా పంటను తెలుపును. ఊరి నడుమ ఇంటికి అది చాలదు. రిజిస్టరైన దస్తావేజును చూడవలెను. తెలిసినవారిచే చదివించుకొన్నచో సగము భయము తీరును.

తక్కిన సగము అమ్మువాని చేతిలో నున్నది. తానెరిగియు, కొనువాడు తగు జాగ్రత్తతోనైనను కనుగొనలేని ముఖ్యలోపమును తెలుపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను చెప్పుచున్నది. చట్టము లేకున్నను చెప్పవలసినదే గదా! కాని చెప్పినచో ధర పడిపోవునేమోయని అమ్మువానికిని భయమే. వానలలో చెమ్మగిల్లు గోడ వేసవిలో తెల్లగానే యుండును. ఇల్లమ్మదలచిన మా బంధువులతో, వచ్చినవారికి ముందా గోడను చూపి, పిదప బేరమాడుడని చెప్పితిమి. వారింకను ఆలోచించుచున్నారు.