రసాభాసకు చప్పట్లు

2003లో అమెరికాలో ‘ది రూమ్’ అనే సినిమా వచ్చింది. రాసింది, తీసింది, డబ్బు పెట్టింది, హీరో వేషం కట్టింది అన్నీ టామీ వైసో ఒక్కడే. ఖర్చు 60 లక్షల డాలర్లని చెబుతారు. తొలి విడతలో రెండు వారాలాడి, రెండు వేల డాలర్లు కూడా రాబట్టలేక వెళ్లిపోయింది. ఆ తర్వాతే అర్ధరాత్రి ఆటలు మొదలయ్యాయి. జనం ప్లాస్టిక్ చెంచాలు వెంటబెట్టుకుని రాసాగారు. హీరో ఇంటి హాల్లో ఒక ఫొటో ఫ్రేము ఉంటుంది. అందులో మనిషి ఫొటో కాదు, చెంచా బొమ్మ ఉంటుంది. అది కనబడ్డప్పుడల్లా అరుపులు, తెర మీదికి చెంచాల వాన. హీరోయిన్ తల్లి తనకు రొమ్ము క్యాన్సరని కూతురికి చెబుతుంది. సినిమా అయ్యేదాకా మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తరు.

అదే ఏడాది తెలుగులో బాలకృష్ణ ‘పలనాటి బ్రహ్మనాయుడు’ విడుదలైంది. హీరో తొడ కొడితే రైలు వెనక్కి నడుస్తుంది. సినిమా ఆడలేదు గాని ఆ రైలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

పదిమంది చెమటోడ్చి చేసిన పని బెడిసికొడితే, దాన్ని చూసి ఆనందించడం ధర్మమేనా?

సుమారు వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో ఆలంకారికుడు అభినవగుప్తుడు ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా వచ్చాడు. రసం కావాలనుకున్నది రసాభాస అయినప్పుడు హాస్యం పుడుతుందన్నాడు. సీత మీద రావణుడి వలపు దీనికి ఉదాహరణ. రావణుడి వరకు అది నిజమైన వలపే, కానీ చోటు తప్పింది. ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరి వెళితే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, ఎందుకంటే ఘటోత్కచుడికి అది చెల్లుతుంది. వేళల పట్టికకు కట్టుబడి నడిచే రైలుకు తొడ చప్పుడు చెల్లదు. వీరరసమూ అదే, దాన్ని నమ్మిన మనసూ అదే. ఔచిత్యం ఒక్కటే జారిపోయింది.

నాట్యశాస్త్రం రాసిన భరతుడు నవ్వును ఆరు రకాలు చేసి, కళ్లనీళ్లు కారేలా, డొక్కలు పట్టుకుని నవ్వే నవ్వులను అధములకు కేటాయించాడు. ఇక్కడ ఆయనతో ఏకీభవించడం కష్టం. చిన్నచూపు ఉన్నవాడు ఒకసారి వెక్కిరించి లేచిపోతాడు. అదే సినిమాకు పదోసారి టికెట్టు కొనడు, నటుడితో పాటు డైలాగులు అప్పజెప్పడు. అర్ధరాత్రి ఆటకు వచ్చేవాడికి ప్రతి సన్నివేశం వెనక ఉన్న తపన తెలుసు. రూపం విరిగిన చోట ఆ తపన బట్టబయలుగా కనిపిస్తుంది. చక్కగా తీసిన సినిమాలో నైపుణ్యం దాన్ని కప్పేస్తుంది. ఈ నవ్వులో మమకారం పాలే ఎక్కువ.

కావాలని చెడగొట్టి తీసినవాటితో పోలిస్తే తేడా తెలుస్తుంది. 2014లో సంపూర్ణేష్ బాబు ‘హృదయ కాలేయం’ మాస్ సినిమాల అతిని తెలిసే అనుకరించి హాయిగా నవ్వించింది. అక్కడ ప్రేక్షకుడు తీసినవాళ్ల తెలివిని మెచ్చుకుంటాడు. వాళ్లతో కలిసి నవ్వుతాడే గాని, ఎవరి నమ్మకాన్నీ గుండెకు హత్తుకోడు.

అందుకే వైసో తర్వాతి రోజుల్లో తన సినిమా మొదటినుంచీ హాస్య చిత్రమేనని చెప్పుకున్నా అభిమానులు ఒప్పుకోలేదు. అతను దుఃఖగాథనే తీశాడని వాళ్ల నమ్మకం. అతను ఆటలకు వచ్చి ఎదుట నిలబడితే, ఆ దుఃఖగాథ తీసిన మనిషికే హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది.