తడి గింజలు పైనే ఉండాలి – లైవ్ వ్యాపారంలో నిజాయితీ

ఒక సోదరి మా ముందు ఒక సందేహం ఉంచారు. ఆమె తమ ఇంటి ముందుగదిలోనే చీరలు, డ్రెస్ మెటీరియల్ పెట్టుకుని అమ్ముతారు. వారంలో మూడు రాత్రులు ఇషా నమాజు తర్వాత ఫోనును స్టాండుకు తగిలించి ఫేస్‌బుక్‌లో లైవ్ పెడతారు. ఒక్కొక్క బట్టనూ విప్పి చూపిస్తారు. నచ్చినవారు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతారు. డబ్బు ఫోనులోనే చెల్లిస్తారు. మర్నాడు పార్సిల్ కొరియర్‌లో వెళుతుంది. కొడుకు కాలేజీ ఫీజు ఈ రాబడి మీదే ఆధారపడి ఉంది.

ఒకసారి ఆమెకు వచ్చిన సరుకులో కొన్ని చీరలు పగటి వెలుతురులో కాస్త వెలిసినట్లు కనిపించాయి. రాత్రి రింగ్ లైట్ ముందు మాత్రం నిగనిగలాడాయి. ఆమె వాటిని లైవ్‌లో చూపించారు. రంగు గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. అరగంటలో అన్నీ అమ్ముడుపోయాయి. కాని ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. "నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఉన్న చీరనే చూపించాను. కెమెరాలో రంగు అలా కనిపిస్తే ఆ తప్పు నాదా? పార్సిళ్లు ఇంకా కట్టలేదు, ఏం చేయమంటారు?" అని అడిగారు.

ఇది ఆమె ఒక్కరి ప్రశ్న కాదు. నేడు మన ఇళ్లలో ఎంతోమంది అక్కచెల్లెళ్లు, చిన్న దుకాణదారులు ఈ పద్ధతిలోనే జీవనోపాధి వెతుక్కుంటున్నారు. కాబట్టి ఈ విషయాన్ని కొంచెం నిదానంగా ఆలోచిద్దాం.

సాధనం కొత్తది, పరీక్ష పాతది

ఫోనులో ప్రత్యక్ష ప్రసారం చేసే సౌకర్యం ఫేస్‌బుక్‌లో 2016లో సామాన్యులందరికీ అందుబాటులోకి వచ్చింది. చైనాలో లైవ్ ద్వారా సరుకులమ్మే పద్ధతి కూడా ఆ ఏడాదే ఊపందుకోవడం మొదలుపెట్టింది. 2020లో కరోనా లాక్‌డౌన్ వల్ల దుకాణాల తలుపులు మూతపడినప్పుడు మన దేశంలోనూ ఎందరో వ్యాపారులు ఫోనునే దుకాణంగా మార్చుకున్నారు.

ఈ సాధనం దానంతటదిగా చెడ్డది కాదు. నిషిద్ధమని రుజువైతే తప్ప లావాదేవీలన్నీ ధర్మసమ్మతమేనన్నది మన ధర్మవేత్తలు తెలిపిన సూత్రం. దుకాణం అద్దె కట్టలేని పేదవాడికి, ఇల్లు విడిచి వెళ్లలేని వితంతువుకు, వికలాంగుడికి ఇదొక గౌరవప్రదమైన మార్గం. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఖదీజా (రజి) మక్కాలో పేరుపొందిన వర్తకురాలు. ఆమె తమ ఇంట ఉండే ఇతరుల ద్వారా వ్యాపారం నడిపించేవారు. ఆమె సరుకును సిరియా దేశానికి తీసుకువెళ్లి, నమ్మకంగా అమ్మి, పైసా పైసా లెక్క అప్పగించిన యువకుడే తరువాతి కాలంలో దైవప్రవక్తగా నియుక్తులైన ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్). మరి ఇంట్లో కూర్చుని దూరాన ఉన్నవారికి సరుకు అమ్మడంలో సిగ్గుపడవలసింది ఏముంది? సిగ్గుపడవలసింది మోసానికి మాత్రమే.

ధాన్యపు రాశిలోకి వెళ్లిన చేయి

మదీనా బజారులో జరిగిన ఆ సంఘటన మనలో చాలామందికి తెలిసిందే. దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగారు. రాశి లోపలికి చేయి పోనిచ్చారు. వ్రేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని వర్తకుణ్ణి అడిగితే వానకు తడిసిందని అతను జవాబిచ్చాడు. అలాంటప్పుడు జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. (ముస్లిం)

ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే అందులోని ఒక అంశాన్ని ఇప్పుడు ప్రత్యేకంగా గమనించాలి. ఆ వర్తకుడు ధాన్యాన్ని స్వయంగా తడపలేదు. తడిపింది వాన. ధాన్యం పొడిగా ఉందని అతను నోటితో చెప్పినట్లు కూడా ఆ ఉల్లేఖనంలో లేదు. సరిగ్గా మన సోదరి చెప్పిన మాటే అతనూ చెప్పుకోవచ్చు – తప్పు నాది కాదు, నేను అబద్ధం ఆడలేదు అని. కాని దైవప్రవక్త (స) ఎవరు తడిపారన్న విషయంలోకి వెళ్లలేదు. నీకు తెలిసినది కొనేవాడికి ఎందుకు తెలియలేదు అన్నదే ఆయన ప్రశ్న. అంటే దాచబడిన లోపానికి బాధ్యత దాన్ని కలిగించినవాడిది మాత్రమే కాదు, తెలిసీ చెప్పనివాడిది కూడా.

ఇక ఈ సంఘటనను నేటి లైవ్ వ్యాపారానికి అన్వయించి చూడండి. దుకాణానికి వచ్చినవారు చీర అంచు పట్టి చూస్తారు, నలిపి చూస్తారు, గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో రంగు చూస్తారు. లైవ్‌లో ఈ చేయి లేదు. ఎక్కడో నిజామాబాదులోనో, కర్నూలులోనో, దుబాయిలోనో కూర్చున్న అక్కకు మీరు చూపించిందే కనిపిస్తుంది, మీరు చెప్పిందే వినిపిస్తుంది. కొనేవాడి చేయి రాశి దాకా రాలేనప్పుడు, ఆ చేయి చేయవలసిన పనిని అమ్మేవాడి నాలుకే చేయాలి. చేత్తో పట్టుకుని చూస్తే ఏ లోపం తెలిసేదో దాన్ని నోటితో చెప్పడం అతని బాధ్యత. దుకాణంలో కొంతవరకు సరిపోయే మౌనం లైవ్‌లో మోసంగా మారుతుంది. మా దృష్టిలో ఈ కొత్త వ్యాపారానికి సంబంధించిన అసలు నియమం ఇదే.

కట్టివేసిన పొదుగు

మౌనం కంటే మరో మెట్టు దిగజారిన పద్ధతి కూడా ఉంది. అరబ్బులలో కొందరు ఒంటెను, మేకను అమ్మే ముందు కొన్ని రోజులు పాలు పిండకుండా పొదుగు కట్టి ఉంచేవారు. పొదుగు నిండుగా కనిపించేది. కొన్నవాడు పాలు బాగా ఇస్తుందని భ్రమపడేవాడు. దైవప్రవక్త (స) దీన్ని నిషేధించారు. అలా మోసపోయి కొన్నవాడు ఇష్టమైతే ఉంచుకోవచ్చు, లేదంటే పిండుకున్న పాలకు బదులుగా ఒక సా ఖర్జూరాలతో పాటు పశువును వాపసు చేయవచ్చని తీర్పు ఇచ్చారు. (బుఖారీ, ముస్లిం)

అక్కడ కూడా నోటి అబద్ధం లేదు. అబద్ధమాడింది పొదుగు. నేడు రంగును పెంచి చూపే ఫిల్టరు, లోపాన్ని మింగేసే దీపకాంతి, వదులుగా ఉన్న కుర్తాను బొమ్మకు వెనుక పిన్నులు పెట్టి బిగించడం – ఇవన్నీ ఆ కట్టిన పొదుగుకు నేటి రూపాలే. దీపం పెట్టుకోవద్దని మేము అనడం లేదు. చీకట్లో ఎవరూ వ్యాపారం చేయలేరు. కాని దీపం సరుకును చూపించడానికే ఉండాలి, దాచడానికి కాదు. రంగు తేడాగా కనిపిస్తుంటే "పగలు ఇంతకంటే లేతగా ఉంటుంది" అని ఒక్క మాట చెప్పండి. లేదా పగటిపూట తీసిన ఫోటో పంపండి. దీనికి ఒక్క నిమిషం కూడా పట్టదు.

అబద్ధపు సందడి

లైవ్‌లో సరుకుతో పాటు సందడి కూడా అమ్ముడవుతుంది. అమ్మేవారి మరదలు, మేనల్లుడు చూసేవారి మధ్యలో కూర్చుని "నాకు రెండు బుక్ చేయండి" అని వ్రాస్తుంటారు. గదిలో ఇరవై చీరలున్నా "రెండే మిగిలాయి" అని తొందరపెడతారు. ఎప్పుడూ ఎవరికీ అమ్మని ధర చెప్పి, దాన్ని కొట్టేసి సగం ధర అంటారు.

కొనే ఉద్దేశం లేకుండా ఇతరులను ఉసిగొల్పడానికి ధర పెంచడాన్ని హదీసు పరిభాషలో నజష్ అంటారు. దైవప్రవక్త (స) దీన్ని స్పష్టంగా నిషేధించారు. మరదలు వ్రాసిన ఆ ఉత్తుత్తి మాట దీనికి చాలా దగ్గరి చుట్టం. ఈ విషయంలో దేశ చట్టం కూడా మేల్కొంది. అమ్మేవారే వినియోగదారుల వేషం వేసి పొగడ్తలు వ్రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కొనుగోలుదారులను తప్పుదోవ పట్టించే 13 రకాల పద్ధతులను గుర్తించి మార్గదర్శకాలు జారీచేసింది. లేని తొందరను సృష్టించడం వాటిలో ఒకటి.

ఈ మార్గంలో ఎంత పెద్దవారైనా జారిపడతారనడానికి చైనాలో జరిగిన ఒక ఉదంతం చాలు. 2020 చివరలో అక్కడ లక్షలాది అభిమానులున్న ఒక లైవ్ విక్రేత పక్షిగూడుతో చేసిన ఖరీదైన పానీయమంటూ ఒక సరుకును అమ్మాడు. అది దాదాపు చక్కెర నీళ్లేనని పరీక్షల్లో తేలింది. కొన్నవారికి డబ్బు వాపసు చేయవలసి వచ్చింది. అధికారులు అతని సంస్థకు 9 లక్షల యువాన్ల జరిమానా వేశారు. లైవ్ వేదిక అతని ఖాతాను 60 రోజుల పాటు నిలిపివేసింది. ప్రపంచపు న్యాయస్థానమే ఇంత లెక్క అడిగితే, మనసులోని మాట కూడా తెలిసిన ప్రభువు అడిగే లెక్క ఎలా ఉంటుందో ఆలోచించండి!

చేతిలో లేని సరుకు, వాపసు లేని అమ్మకం

మరో రెండు విషయాలు క్లుప్తంగా ప్రస్తావిస్తాం. కొందరు హోల్‌సేల్ దుకాణంలో నిలబడి, కొనని సరుకును తమదే అన్నట్లు లైవ్‌లో అమ్మేస్తారు. తమ వద్ద లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కి చెప్పారు. దీనికి ధర్మసమ్మతమైన దారి ఉంది. సరుకు ఫలానా వ్యాపారిది, మాకు కమీషన్ ముడుతుంది అని బహిరంగంగా చెప్పవచ్చు. లేదా ముందు మాట మాత్రమే తీసుకుని, సరుకు కొని చేతికి వచ్చాక అమ్మకం ఖాయం చేయవచ్చు. తమ వ్యాపార వివరాలు చెప్పి దగ్గరలోని ధర్మవేత్తను సంప్రదించడం మంచిది.

ఇక వాపసు సంగతి. "పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయకపోతే వాపసు లేదు" అని చాలామంది నియమం పెడతారు. కొనేవారిలో కూడా మోసగాళ్లుంటారు. చీర ఒక పెళ్లికి కట్టుకుని తిప్పి పంపేవారున్నారు. బుక్ చేసి ఫోను ఎత్తనివారున్నారు. ఇదీ అధర్మమే. కాబట్టి ఆ నియమం తనను తాను కాపాడుకోవడానికైతే తప్పు లేదు. కాని తాను ముందే ఎరిగి దాచిన లోపాన్ని ఆ నియమం చాటున దాచలేరు. చూడకుండా కొన్నవాడికి చూసిన తర్వాత వద్దనే హక్కు ఉంటుందని హనఫీ ధర్మశాస్త్రం చెబుతుంది. కొని పశ్చాత్తాపపడిన సోదరుడి సరుకును మనస్ఫూర్తిగా వెనక్కి తీసుకునేవాడి పొరపాట్లను అల్లాహ్ ప్రళయదినాన మన్నిస్తాడని హదీసులో శుభవార్త ఉంది.

నమాజు వేళ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఒక జుమా నాడు వర్తక బిడారు వచ్చిందని తెలియగానే జనం లేచి వెళ్లిపోగా, దైవప్రవక్త (స) వద్ద 12 మందే మిగిలిన సంఘటన, దానిపై జుమా సూరాలో వచ్చిన మందలింపు మనకు తెలుసు. నేటి బిడారు మన అరచేతిలోనే ఉంది. అజాన్ వినిపిస్తున్నా "ఇంకొక్క పీసు" అంటూ లైవ్ సాగదీయకండి. అలాగే లైవ్‌లో సరుకు కనిపిస్తే చాలు. ఇంటి ఆడపడుచులు, పిల్లలు, ఇంటి గుట్టు కనిపించనక్కరలేదు.

నిజం చెబితే అమ్ముడవుతుందా?

"లోపాలన్నీ చెప్పుకుంటూ కూర్చుంటే ఎవరు కొంటారు? అందరూ ఇలాగే చేస్తున్నారు కదా!" అని కొందరంటారు. వారి బాధ మాకు తెలుసు. నిజం చెప్పిన ప్రతిరోజూ గల్లా పెట్టె నిండుతుందని మేము మాట ఇవ్వలేము. కొన్ని రోజులు బేరం తగ్గవచ్చు. అమ్మేవాడు, కొనేవాడు సత్యం పలికి, ఉన్నది విప్పి చెప్పుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచిపెట్టి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) తెలిపారు. శుభం వేరు, లాభం వేరు. లాభం ఆ రాత్రే లెక్కకు వస్తుంది. శుభం ఆ డబ్బుతో పెరిగే బిడ్డలో, ఆ ఇంటివారి నిద్రలో కనిపిస్తుంది.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో బట్టల వ్యాపారి. ఒకసారి ఆయన తమ భాగస్వామికి సరుకు పంపుతూ, అందులో ఒక వస్త్రంలో లోపం ఉందని, కొనేవాడికి అది చెప్పి అమ్మమని చెప్పారు. భాగస్వామి ఆ సంగతి మరచిపోయి అమ్మేశాడు. కొన్నదెవరో తెలియలేదు. అప్పుడు ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారు. ఆయనకు కొన్నవారి చిరునామా దొరకలేదు. మన లైవ్ వ్యాపారులకు ఆ సాకు కూడా లేదు. ప్రతి కొనుగోలుదారుడి పేరు, ఊరు, ఫోను నెంబరు మన ఫోనులోనే ఉంటాయి కదా!

మేము ఆ సోదరికి చెప్పింది ఇదే. పార్సిళ్లు ఇంకా మీ గదిలోనే ఉన్నాయి, ఇది అల్లాహ్ మీకిచ్చిన గడువు. కొన్న ప్రతివారికీ కబురు చేయండి. పగలు రంగు ఎలా ఉందో ఫోటో తీసి పంపండి. కావాలంటే ధర తగ్గించి ఇవ్వండి, వద్దంటే డబ్బు వాపసు చేయండి.

ఆమె అలాగే చేశారు. కొందరు తగ్గించిన ధరకు తీసుకున్నారు. ఎక్కువమంది వద్దన్నారు. ఒకామె కోపంగా మాట్లాడారు కూడా. కొడుకు ఫీజు ఆసారి రెండు వాయిదాల్లో కట్టవలసి వచ్చిందని ఆమె మాకు తెలిపారు. మిగిలిపోయిన చీరలను తరువాతి లైవ్‌లో అన్నిటికంటే ముందు చూపించి, "ఇవి వెలిసినవి, ఇదీ ధర" అని చెప్పి మొదలుపెట్టారట. అంటే ఆమె తడి గింజలను రాశి పైన పెట్టారన్నమాట.

పరలోకంలో మన వ్యాపారం మొత్తాన్ని మన ముందే తిప్పి చూపించే రోజు ఒకటి వస్తుంది. అక్కడ ఫిల్టరు ఉండదు. ఆ రోజు సిగ్గుపడే అవసరం రాని వ్యాపారాన్ని, కొంచెమైనా హలాల్‌ అయిన ఉపాధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.