రెండు సూదులు, సాంఖ్యుల ప్రశ్న

నర్సంపేట చుట్టుపక్కల మిర్చి ఏరే రోజుల్లో కూలీలు పొద్దంతా ఎండలోనే ఉంటారు. చెమటగా పోయినన్ని నీళ్లు లోపలికి పోవు. చేలో మరుగు దొరకదని ఆడవాళ్లు దాహాన్ని కూడా ఓర్చుకుంటారు. మూత్రం చిక్కబడితే అందులోని కాల్షియం, ఆక్సలేట్ కలిసి రాయి కడుతుంది. కిడ్నీలో ఉన్నన్నాళ్లూ ఆ రాయి సంగతి చాలామందికి తెలియదు. మూత్రనాళంలోకి జారి ఇరుక్కుందంటే మాత్రం మనిషి కూర్చోలేడు, పడుకోలేడు. పోటు నడుము పక్కన మొదలై గజ్జల్లోకి దిగుతుంది, వాంతులవుతాయి.

ఆ మనిషికి ఏది మేలు? ఈ ప్రశ్న వైద్యులదే కాదు. ఈశ్వరకృష్ణుడు రాసిన సాంఖ్య దర్శన గ్రంథం సాంఖ్యకారిక మొదలయ్యేదే దుఃఖంతో. మందులవంటి కంటికి కనిపించే ఉపాయాలు ఉండగా వేరే విచారణ ఎందుకని అక్కడే ఒక ఆక్షేపణ వస్తుంది. ఆ ఉపాయాలు తప్పక పనిచేస్తాయని చెప్పలేం, పనిచేసినా దుఃఖం తిరిగి రాదన్న పూచీ లేదు అన్నది సాంఖ్యుల జవాబు. నేటి చికిత్సలకూ ఈ రెండు పరీక్షలు పెట్టి చూడవచ్చు.

రాయి అడ్డుపడితే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు వాపునూ ఒత్తిడినీ ఇంకా పెంచుతాయి. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వాటి తయారీనే ఆపుతుంది. ఖతార్‌లో 1,645 మందిపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, అరగంటలో నొప్పి సగానికి తగ్గినవారు డైక్లోఫెనాక్‌తో 68 శాతం, మార్ఫిన్‌తో 61 శాతం. అంత పేరున్న మార్ఫిన్ కన్నా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కూడా దొరికే మందే ముందుంది. అయినా ప్రతి ముగ్గురిలో ఒకరికి అరగంటలో ఆ మేరకు ఊరట దక్కలేదు.

ఆక్యుపంక్చర్ మాటేమిటి? 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలోని డాక్టర్ బి.కె. బసు తర్వాతి కాలంలో ఈ విద్యను మన దేశానికి తెచ్చారు. బీజింగ్‌లో 80 మందిపై జరిపిన పరిశోధన 2022లో వెలువడింది. అందరికీ డైక్లోఫెనాక్ ఇచ్చి, సగం మందికి అసలు ఆక్యుపంక్చర్, మిగతావారికి ఉత్తుత్తిది చేశారు. 10 నిమిషాలకు నొప్పి సగానికి తగ్గినవారు మొదటి గుంపులో 40 మందికి 31 మంది, రెండో గుంపులో నలుగురే. 45 నిమిషాలయ్యేసరికి ఊరట పొందినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు.

నొప్పితో మెలికలు తిరుగుతున్నవారికి ఆ అరగంట చిన్నదేమీ కాదు. కానీ ఈ ఫలితం సూదిని మందుకు తోడుగా నిలబెట్టింది, బదులుగా కాదు. తైవాన్‌లో 1992లో సూదినీ ఇంజెక్షన్‌నూ నేరుగా పోల్చారు గానీ అందులో ఉన్నవారు 38 మందే.

ఇదంతా నమ్మకం మహిమేనని కొట్టిపారేసేవారున్నారు. నమ్మకం వల్ల తగ్గిన నొప్పి తగ్గనట్టా? పన్ను తీయించుకున్నవారిపై 1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ చేసిన ప్రయోగంలో, ఉత్తుత్తి మందుతో తగ్గిన నొప్పి నాలోక్సోన్ ఇవ్వగానే పెరిగింది. శరీరం తనంతట తాను తయారుచేసుకునే నొప్పి నివారిణులను అడ్డుకునే మందు అది. అంటే నమ్మకం కూడా ఒంట్లో రసాయనంగానే పనిచేస్తుంది. అందుకని రోగికి అబద్ధం చెప్పే హక్కు మాత్రం ఎవరికీ రాదు.

ఇక రెండో పరీక్షలో రెండు సూదులూ ఓడిపోతాయి. నొప్పి తగ్గినా రాయి అక్కడే ఉంటుంది. చిన్నదైతే చాలావరకు దానంతటదే పడిపోతుంది, పెద్దదైతే తీయించుకోవాలి. కొత్త రాయి కట్టకుండా ఉండాలంటే రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటన్ని నీళ్లు తాగాలి. సాంఖ్యులు కోరిన శాశ్వత నివృత్తి ఏ సూదిలోనూ లేదు. అలాగని తాత్కాలిక ఊరటను తక్కువ చేసి చూడటం నొప్పి ఎరగనివారి మాట.

ఊరట వల్ల ప్రమాదం మరుగున పడటం మరో సంగతి. రాయి అడ్డుపడి చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, ఉన్నది ఒకే కిడ్నీ అయినా ఏ సూదితో నొప్పి తగ్గినా ఇంట్లో ఉండకూడదు. వెంటనే వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి చేరాలి. అల్సర్ ఉన్నవారు, కిడ్నీల పనితీరు తగ్గినవారు డైక్లోఫెనాక్ వేయించుకునే ముందే ఆ సంగతి చెప్పాలి. సూది ఏదైనా, వేసేవారు ఇవన్నీ అడిగి, నొప్పి తగ్గాక కూడా స్కానింగ్ చేయించుకొమ్మని పంపాలి.