నీటి యొడ్డున రెండు ఇండ్లు

జమ్మలమడుగునకు పడమట, పెన్నానది లోయ అంచున గండికోట యున్నది. పోయినవారు శిథిలమైన మహలును, రాయలచెరువును, జుమ్మా మసీదు దగ్గరి ధాన్యపు కొట్టును చూచి వచ్చెదరు. పెమ్మసాని నాయకులు ఏలిరనియు, 1650లో మీర్ జుమ్లా పట్టుకొనెననియు, 1652లో తవెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు అతనిని అచ్చటనే కలిసికొనెననియు వినెదరు. రాళ్లు మోసినవారి పేర్లు ఎవరును చెప్పరు.

కోటకు ఎగువన గండికోట జలాశయ మున్నది. దానిలో 26.85 టి.ఎం.సి. నీరు పట్టును. 2020లో నీటిమట్టము పెంచగా కొండాపురం మండలములోని తాళ్లప్రొద్దుటూరు మునిగెను. ఆ నీరే ఎత్తిపోతలచే చిత్రావతి జలాశయము చేరి పులివెందుల చీనీతోటలకు ఆధారమగుచున్నది.

ఆ నీరు వద్దనవచ్చునా? వానలు లేక ఎండిన చీనీచెట్లను తన చేతితోనే నరుకుకొన్న రైతును ఎరిగినవాడెవడును ఆ మాట అనడు. అయితే, "పరిహారము ఇచ్చిరి గదా" అని కొందరు తేలికగా అందురు. ఇది నాకు నచ్చదు. గోడలకు వెల కట్టవచ్చును. తల్లి ఉట్టి వ్రేలాడదీసిన దూలమునకు, వేపచెట్టు క్రింది అరుగునకు ఏ గుమాస్తా వెల వ్రాయును? ఎన్నడో కూలిన దొరల మహలును కాపాడుకొనుచున్నాము, మంచిదే. నిన్నటివరకు పొయ్యి వెలిగిన యింటి చరిత్ర ఎవరు అడుగుదురు?

మునిగిన ఊళ్లవారు మీ గ్రామమునకు వచ్చి చేరియున్నయెడల, తీరికగా కూర్చుండి వారి పాత యింటి సంగతి అడుగుడి. వాకిలి ఏ దిక్కున నుండెనో మొదలుపెట్టి చెప్పెదరు.