యశోదమ్మ జారవిడిచిన కర్ర

విజయవాడ నుండి హైదరాబాదు పోవు రహదారిలో కంచికచర్ల మండలములోని పరిటాల గ్రామమును సమీపించునప్పటికి, దూరము నుండియే శ్రీ వీర అభయాంజనేయస్వామి దివ్యమూర్తి దర్శనమిచ్చును. 2003వ సంవత్సరమున వెలసిన ఈ మూర్తి ఎత్తు 135 అడుగులు. బస్సులలో పోవువారు కిటికీల నుండియే చేతులు జోడింతురు. వేదాద్రి నరసింహస్వామిని సేవింప జగ్గయ్యపేట వైపు పోవు యాత్రికులు పలువురు ఇచట దిగి, స్వామి పాదముల చెంత నిలిచి, మెడ నొప్పి పుట్టునంతగా తలయెత్తి చూచి, తమ పిల్లలకు చూపింతురు.

పిల్లలకు చూపించుటలోనే ఒక్కొక్కప్పుడు చిక్కు వచ్చుచుండును. నాలుగేండ్ల బాలుడు అంతటి మూర్తిని చూచి తెల్లబోయి నిలుచును. "దండం పెట్టు నాన్నా" అని తల్లి అనును. వాడు చేతులు వెనుకకు దాచుకొనును. తల్లి మరల అనును. వాడు తల అడ్డముగా ఊపును. వెనుక వరుసలోనివారు చూచుచున్నారు, అత్తగారు చూచుచున్నది. తల్లికి చిన్నతనమైనట్లు తోచి, "పెట్టకపోతే కళ్ళు పోతాయి" అని బెదరించును. అప్పటికిని వినకున్న ఆ చిన్ని చేతులను పట్టి బలవంతముగా కలిపి, తల వంచును. బాలుడు గొల్లుమనును.

స్వామి పేరు అభయాంజనేయుడు. ఆయన పాదముల చెంతనే బిడ్డకు భయమును నేర్పుట ఎంతటి వింత! ఆ తల్లికి భక్తి లేదని ఎవరనగలరు? భక్తి కలదు కనుకనే బిడ్డను తెచ్చినది. కాని మొదటి మాటలో ఉన్న భక్తి రెండవ మాటకు పలుచబడి, మూడవ మాటకు పంతముగా మారినది. దండము సంగతి ఇద్దరును మరచిరి. ఎవరి మాట నెగ్గవలెనన్నదే మిగిలినది.

ఇండ్లలో జరుగునదియు ఇదియే. కంచములో వంకాయకూర వడ్డింతురు. పిల్లవాడు నోరు బిగించును. "అది తిన్నదాకా లేవడానికి వీల్లేదు" అని తండ్రి శాసించును. అరగంట గడచును, గంట గడచును. కూర చల్లారును. నాయనమ్మ అడ్డుపడబోగా ఆమెపై కూడ ఒక కేక పడును. రాత్రి పొద్దుపోయిన పిదప బిడ్డ ఆకలితో నిద్రించును, తండ్రి నిద్ర పట్టక దొర్లును. తెల్లవారి ఆ కూర రుచి ఎవరికిని గుర్తుండదు. ఆ గంటసేపు తండ్రి ముఖము ఎట్లున్నదో బిడ్డకు మాత్రము గుర్తుండును.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని పెద్దలు అడుగుదురు. మంచి సామెతయే. కాని మొక్కను వంచువాని చేతిని చూచిన గాని దాని భావము తెలియదు. తోట పెంచువాడు మొక్క ప్రక్క ఒక కర్ర నాటి, మెత్తని పీచుతో వదులుగా కట్టి, నీరు పోసి, నెలల తరబడి కనిపెట్టుకొని యుండును. ఒక్క ఊపున వంచినచో మొక్క వంగదు, విరుగును.

పరిటాలలో కొలువుదీరిన ఆ స్వామి బాల్యమునే తలచుకొందము. ఉదయసూర్యుని పండని భ్రమించి ఎగిరిన కథ ఎల్లరెరిగినదే. వజ్రాయుధపు దెబ్బకు దవడ విరుగుట, వాయుదేవుడు అలిగి తన సంచారమును ఉపసంహరించుట, బ్రహ్మాది దేవతలు దిగివచ్చి వరములొసగుట, ఇంతవరకు హరికథలలో విందుము. శ్రీమద్రామాయణ ఉత్తరకాండములోని తరువాతి ముచ్చట అంతగా ప్రచారములో లేదు. వరములు పొందిన బాలునికి బలము పట్టరానిదయ్యెను. శాంతులగు మునుల ఆశ్రమములలో జొరబడి స్రుక్కులను, యజ్ఞపాత్రలను విరుగగొట్టెను. అగ్నిహోత్రములను చెరచెను. నారచీరలను చించి పోగులు పెట్టెను. తండ్రి కేసరి వలదనెను. వాయుదేవుడును వలదనెను. బాలుడు వినలేదు. మహాభక్తుడు, జితేంద్రియుడు అని మనము కీర్తించు హనుమంతుడు చిన్ననాడు తల్లిదండ్రుల మాట వినని పిల్లవాడని చెప్పుటకు ఆ మహాకావ్యము సంకోచింపలేదు. తమ పిల్లవాడు ఒక్కడే లోకములో మొండివాడని కుమిలిపోవు తల్లులు ఈ సర్గను చదువదగును.

అప్పుడు మునులు ఏమి చేసిరి? భృగువంశమువారు, అంగిరోవంశమువారు అగు ఆ ఋషులకు కోపము వచ్చినదనియు, కాని అది మితిమీరలేదనియు అచట ప్రత్యేకించి చెప్పబడినది. ఈ విశేషణమును తేలికగా దాటిపోరాదు. మితిమీరిన కోపముతో శపించియుండినచో ఆ బలమే నశించి యుండెడిది, లంకాదహన కథయే లేకపోయెడిది. వారు అట్లు చేయలేదు. బాలుని బలమును ముట్టుకొనలేదు. తన బలము తనకు చాలకాలము గుర్తు లేకుండునట్లును, ఎవరైన జ్ఞాపకము చేసిన వెంటనే అది మరల పెరుగునట్లును శపించిరి. పేరునకు శాపమే కాని, నిజమునకు అది పసివాని చేతిలోని కత్తిని తీసి, పెద్దవాడైన పిదప ఇచ్చుటకు అటక మీద దాచుట వంటిది. తీసికొనిరి, కాని పారవేయలేదు, తిట్టలేదు. ఆ పిదప బాలుడు అవే ఆశ్రమములలో మృదువుగా సంచరించెనట.

ఆ బాలుడే తరువాత వ్యాకరణము నేర్చుకొనుటకై సూర్యునికి అభిముఖుడై, ప్రశ్నించుచు, ఉదయాద్రి నుండి అస్తాద్రి వరకు ఆయన వెంట నడచెను. కిష్కింధాకాండమున ఋశ్యమూక ప్రాంతమున ఆయన పలికిన నాలుగు మాటలు విని శ్రీరామచంద్రుడు లక్ష్మణునితో ఎంతగా మెచ్చుకొనెను! ఒక్క అపశబ్దము లేదనియు, వేదములు, వ్యాకరణము క్షుణ్ణముగా చదువనివానికి ఇట్టి భాషణము సాధ్యము కాదనియు కొనియాడెను. యజ్ఞపాత్రలు పగులగొట్టిన చేతులవాడు, మాట వినని చెవులవాడు, కడకు మాటకే నిధి ఆయెను.

ఇంకొక విశేషము. సముద్రతీరమున వానరులందరును తాము ఎన్ని యోజనములు దూకగలమో లెక్కలు చెప్పుచుండగా హనుమంతుడు ఒకచో మౌనముగా కూర్చుండెను. వృద్ధుడగు జాంబవంతుడు ఆయన కడకు పోయి ఏమనెను? "అందరును చెప్పుచున్నారు, నీకేమి వచ్చినది?" అని గద్దింపలేదు. అంగదునితో పోల్చి చిన్నబుచ్చలేదు. నీవెవ్వని కుమారుడవో, నీ పుట్టుక ఎట్టిదో, పసితనమున నీవు సూర్యుని వరకు ఎట్లు ఎగిరితివో వినుమని కథ చెప్పెను. వినుచుండగానే ఆ దేహము పెరిగెను. చదువులో వెనుకబడిన పిల్లవానిని పొరుగింటి పిల్లవానితో పోల్చు తండ్రులు మన కాలమున మెండు. జాంబవంతుని వలె బిడ్డ ఎదుట కూర్చుండి వాని మంచిని వానికే చెప్పువారు అరుదు.

శ్రీమద్భాగవత దశమస్కంధములోని ఉలూఖలబంధన ఘట్టము ఈ విషయమున మనకు మరింత దగ్గరి పాఠము, ఏలయన అది అచ్చముగా ఒక ఇంటి వంటయింటిలో జరిగిన కథ. దాసీలు వేరు పనులలో నుండగా యశోద తానే పెరుగు చిలుకుచున్నది. కృష్ణుడు వచ్చి పాలకై కవ్వము పట్టుకొనెను. తల్లి ఒడిలోనికి తీసికొని పాలిచ్చుచుండగా పొయ్యి మీది పాలు పొంగినవి. కడుపు నిండని బిడ్డను దింపి ఆమె పరుగెత్తెను. అప్పుడు బాలుడు పెదవి కొరికి, రాతితో పెరుగుకుండను పగులగొట్టెను. కుండ పగిలినదని చెప్పుటకు ముందు కడుపు నిండలేదని వ్యాసభగవానుడు చెప్పెను. మన ఇండ్లలో పగిలిన కుండను చూతుము, దానికి ముందు జరిగినది చూడము.

తిరిగివచ్చిన యశోద పెంకులను చూచి మొదట ఏమి చేసెను? నవ్వెను. ఆ నవ్వు చాల గొప్పది. అది తప్పును ఒప్పు చేయు నవ్వు కాదు. వెంటనే కర్ర తీసికొని వెదకెను కదా. బోర్లించిన రోటి మీద నిలిచి కోతులకు వెన్న పెట్టుచున్న కొడుకు తల్లిని చూచి పరుగెత్తెను. యోగుల మనస్సులకు అందనివాని వెంట ఆ గోపిక పరుగిడి, కడకు పట్టుకొనెను. బాలుడు కాటుక చెదరునట్లు కన్నులు నులుముకొనుచు ఏడ్చుచున్నాడు. ఆ కన్నులలో భయము కనబడినది. యశోద కర్రను పారవేసెను.

ఆమె ఎందులకు కర్ర తెచ్చినది? భయపెట్టుటకే. భయము పుట్టినది. పంతము కలవారైనచో అదియే గెలుపు అనుకొని ఇంకొక దెబ్బ వేయుదురు. యశోద భయమును చూచిన వెంటనే ఆగెను. అయినను విడిచిపెట్టలేదు. మరల అల్లరి చేయకుండ రోటికి కట్టదలచెను. కర్ర పోయినను కట్టు పోలేదు. శాంతముగా పెంచుటయనగా బిడ్డ కోరినదెల్ల ఇచ్చుట అని భ్రమించు ఈ కాలపు వారు ఈ భేదమును గమనింపవలెను. పరిటాల ఆలయము ప్రక్కనే లారీలు పరుగెత్తు రహదారి కలదు. అచట చేయి విడిపించుకొన జూచు బిడ్డను గట్టిగా పట్టుకొనవలసినదే. బ్రతిమాలుటకు అది చోటు కాదు. కాని గట్టిగా పట్టుకొనుటకు కేకతో పనిలేదు, చెంపదెబ్బతో అంతకంటెను పనిలేదు.

త్రాడు రెండంగుళములు తక్కువయ్యెను. ఇంకొకటి కలిపినను రెండంగుళములే తక్కువ. ఇంటిలోని త్రాళ్ళన్నియు అయిపోయినవి. గోపికలు నవ్వుచున్నారు. యశోద చెమటలు క్రమ్మి, కొప్పులోని పూలు రాలి, అలసిపోయెను. అప్పుడు తల్లి అలసటను చూచి, జాలిగొని, స్వామి తానై కట్టువడెను. బలముతో ఆమె కట్టలేదు, ఆయనను బలముతో కట్టగలవారు లేరు. పిల్లలును అంతియే. తల్లి బలము పిల్లవానికంటె హెచ్చుగా నుండు కాలము ఎంత? పది పండ్రెండేండ్లు. ఆ పిదప వాడే పొడగరి. బలముతో కట్టిన త్రాళ్ళు ఆనాడు ఒక్కసారిగా తెగును. తన కొరకు అమ్మ పడిన శ్రమను చూచి మెత్తబడిన బిడ్డ మాత్రము ఎంత పెద్దవాడైనను కట్టువడియే యుండును. త్రిలోకనాథుడు ఒక గొల్లయిల్లాలి చేతికి కట్టువడిన ఈ సౌలభ్యమును తలచియే నమ్మాళ్వారు ఆరుమాసములు మూర్ఛిల్లిరని మన గురుపరంపర చెప్పుచున్నది.

మద్దిచెట్లు కూలిన తరువాత నందుడు వచ్చి, రోలు ఈడ్చుకొని తిరుగుచున్న కొడుకును చూచి, నవ్వుచు త్రాడు విప్పెను. "ఇట్లు కట్టుదువా?" అని భార్యను బిడ్డ యెదుట నిందించినట్లు అచట లేదు. ఇది చిన్న మాటగా తోచును. తల్లి కట్టినది తండ్రి విప్పుటయు, తండ్రి వలదన్నది తాతయ్య ఇచ్చుటయు, ఆ మీద పెద్దలు వాదులాడుకొనుటయు చూచిన బిడ్డకు మొండిపట్టు వేరే నేర్పనక్కరలేదు.

అయిదేండ్లు లాలింపవలెను, పదియేండ్లు దండింపవలెను, పదునారవయేట మిత్రునివలె చూడవలెనను నీతిని కొందరు ఉదాహరింతురు. ఆ నీతిలో నడిమి మాట గుర్తుండినంతగా మొదటిదియు చివరిదియు గుర్తుండక పోవుట విచారకరము. ధర్మశాస్త్రములలో దండన బొత్తిగా లేదనుట సత్యము కాదు, ఉన్నది. కాని గౌతమ ధర్మసూత్రము శిష్యుని శిక్షణ కొట్టకయే జరుగవలెనని ముందు విధించి, అట్లు వీలుపడనిచో సన్నని త్రాడు, వెదురుబద్దలకు మించి ఉపయోగింపరాదనియు, మించినచో గురువునే రాజు శిక్షింపవలెననియు శాసించినది. మనుస్మృతియు హింస లేకయే, మధురమగు మాటతోనే మంచిని నేర్పవలెనన్నది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలలలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినప్పుడు, ఇది పరదేశపు వాసన అని కొందరు పండితులు సైతము అనిరి. గౌతముని తిరగవేసియున్న అట్లు అనకపోవుదురు.

పంతము చివరి వరకు పోయిన ఇల్లు ఏదియని అడిగిన హిరణ్యకశిపుని ఇల్లు. ఆయనయు మొదట ప్రహ్లాదుని ఒడిలోనే కూర్చుండబెట్టుకొని, ఏమి నేర్చితివి నాయనా అని అడిగినవాడే. కొడుకు సమాధానము విని తొలుత నవ్వినవాడే. ఆ నవ్వులో ఆగియుండిన ఎంత బాగుండెడిది! ఏనుగులు, పాములు, విషము, నిప్పు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. ప్రతిసారియు కొడుకు శాంతముగనే యుండెను, తండ్రి మాత్రము ఓడుచు వచ్చెను. వేదాద్రిలో కృష్ణాతీరమున యోగానందుడై కూర్చున్న నరసింహుని సేవించు దంపతులు ఒక్క సంగతి తలపవలెను. ఇంత జరిగిన పిదప వరము కోరుకొమ్మన్న స్వామిని ప్రహ్లాదుడు తన తండ్రికి పాపము తొలగవలెనని అడిగెను. పిల్లల క్షమ మన యోగ్యతను బట్టి కలుగునది కాదు.

నమ్మాళ్వారుల తల్లిదండ్రులు కారియార్, ఉడయనంగై. వారి బిడ్డ పుట్టినది మొదలు పాలు త్రాగలేదు, ఏడ్వలేదు, కన్ను తెరువలేదు. ఏ తల్లికైనను ఇంతకు మించిన పరీక్ష ఉండునా? వారు బిడ్డను తిరుక్కురుగూరు ఆదినాథుని సన్నిధికి తెచ్చి అప్పగించిరి. చింతచెట్టు క్రింద పదునారేండ్లు మౌనము. మధురకవి వచ్చి అడిగిన ప్రశ్నకు తొలిమాట వెలువడెను. కోవెలలో మన తలపై ఉంచు శఠారి ఆ ఆళ్వారుల పేరిటిదే. దానిని చూచి జడిసి తల వెనుకకు తీసికొను పసివానిని మంచి అర్చకులు తరుమరు. పెద్దల తలలపై ఉంచి, చిరునవ్వుతో ముందునకు సాగుదురు.

పరిటాలలోను కొందరు తల్లులు ఇట్లే చేయుదురు. బిడ్డ చేతులు దాచుకొన్నచో సరే యని, తాము మాత్రము కన్నులు మూసి, చేతులు జోడించి, కొంతసేపు నిలుతురు. బాలుడు కొంగు పట్టుకొని అమ్మ ముఖమును ఒకసారి, స్వామి ముఖమును ఒకసారి చూచును. కొంతసేపటికి కొంగు లాగి, "అమ్మా, స్వామి తోక ఏదీ?" అని అడుగును. తల్లి కన్నులు తెరచి, వాని చేయి పట్టుకొని, తోక చూపించుటకు మూర్తి వెనుకకు నడచును.