తెగకముందే మరల గ్రుచ్చుడి

ధ్యాన భాగములు: కొలొస్సయులకు 3:12–15, మత్తయి 5:23–24



మన పుత్తూరు ప్రాంతమందలి ఒక పల్లెలో ఇద్దరు అక్కచెల్లెండ్రు ఉండిరి. వారి తల్లికి ఒక ముత్యాల హారముండెను. అది హైదరాబాదులో చార్మినారు చెంతనున్న పత్తరుగట్టీ అంగళ్లలో కొనినది. తల్లి ప్రభువునందు నిద్రించిన తరువాత ఆ హారము ఎవరికి చెందవలెనను వాదము వచ్చి, ఇద్దరికిని మాటలు నిలిచిపోయెను. హారము అక్క పెట్టెలో పడియుండెను. ఆరేండ్లు వారు ఒకే గుడికి వచ్చిరి. ఒకామె ముందు చాపమీదను, ఒకామె వెనుక గోడవారను కూర్చుండెడివారు.

అంతలో చెల్లెలి కుమార్తెకు పెండ్లి కుదిరెను. ఆ కబురు విన్న రాత్రి అక్క పెట్టె తెరచి హారమును చేతికెత్తగా, దారము పుటుక్కున తెగి ముత్యములు నేలంతయు దొర్లిపోయెను. ఒక్క ముత్యమైనను పగులలేదు. చెడినది దారమే.

ముత్యములతో అలంకరించుకొనవలదని పౌలు తిమోతికి వ్రాయలేదా అని మీలో కొందరు అడుగవచ్చును. నిజమే. ఆభరణమును పొగడుటకు నేనిది వ్రాయుట లేదు. అయితే మన ప్రభువే మంచి ముత్యములను వెదకిన వర్తకుని చూపి పరలోకరాజ్యమును గూర్చి బోధించెను గనుక, మనమును ఈ హారమునొద్ద కొంచెము నేర్చుకొందము.

ముత్యము గనిలో దొరకు రాయి కాదు. ముత్యపు చిప్పలోని జీవికి గాయమైనప్పుడు గాని, పరాయిదేదైన లోపల చొరబడినప్పుడు గాని, అది దానిచుట్టు పలుచని పొరలను ఒకదానిమీద నొకటి కప్పుచు పోవును. పూర్వము తూత్తుకుడి సముద్రములో మునిగి అట్టివానిని తీసెడివారు. 1893లో జపాను దేశస్థుడైన మికిమోతో చిప్పలలో ముత్యమును పెంచు విధమును సాధించెను. నేడు అంగళ్లలో అమ్మునవి చాలవరకు పెంపకపు ముత్యములే. ఏదైనను ఆ పొరలు సున్నపు జాతివి. పులుపు తగిలిన కరగును. చెమట, తలనూనె, సెంటు తగిలిన మెరుపు తగ్గును. కావున అలంకారమంతయు ముగిసిన తరువాత హారమును వేసికొని, ఇంటికి రాగానే మొదట దానినే తీసి, మెత్తని గుడ్డతో తుడువవలెను. కొక్కెమునకు తగిలించిన దారము సాగును గనుక పరచి ఉంచవలెను.

ఇంత జాగ్రత్త పడినను దారము పాతబడక మానదు. ముత్యమునకును ముడికిని నడుమ సందు కనబడినను, దారము నల్లబడి నూగు లేచినను, ఇక మరల గ్రుచ్చు కాలము వచ్చెనని తెలిసికొనవలెను. తరచుగా ధరించు హారమును ఏడాదికో రెండేండ్లకో ఒకమారు గ్రుచ్చించుట మంచిది. పనివాడు పాత దారమును తానే కోసివేయును. ముత్యములను గుడ్డమీద వరుస తప్పకుండ పేర్చి, క్రొత్త పట్టుదారముతో గ్రుచ్చుచు, ప్రతి ముత్యము తరువాత ఒక ముడి వేయును. ఆ ముడి యున్నందున ముత్యము ముత్యమును రాచుకొనదు. దారము ఒకచోట తెగినను అన్నియు రాలిపోవు.

ప్రియులారా, సంఘమును ఇట్టిదే. మనలో ప్రతివాడును ప్రభువు వెలయిచ్చి కొనిన ముత్యము. అయితే ముత్యములెంత మంచివైనను దారము లేనిదే హారము కాదు. ఆ దారము ప్రేమయే. అదే మనలను సంపూర్ణముగా కట్టునని పౌలు కొలొస్సయులకు నేర్పెను. ఒకనినొకడు సహించుట, క్షమించుట అను ముడులు లేనిచోట మనము ఒకరినొకరు రాచుకొని గీతలు పడుదుము. మన సంఘములు సిద్ధాంతములవలన చీలుట తక్కువ. గట్టు తగాదావలన, పెండ్లిలో జరిగిన మర్యాదలోపమువలన, పంపకమువలన చీలుట ఎక్కువ.

పుత్తూరు కట్టు ఎరుగనివారు మనలో లేరు. విరిగిన ఎముకను మొదట సరిగా కూర్చి, ఆ తరువాతనే పసరుపూసి బద్దలు పెట్టి కట్టుదురు. సరిచేయక విడిచినయెడల వంకరగా అతుకును. తప్పిదములో చిక్కినవానిని మంచిదారికి తెమ్మని గలతీయులకు వ్రాయుచు పౌలు వాడిన గ్రీకు మాట, వలలు బాగుచేయుటకును, ఎముకలు కూర్చుటకును వాడబడిన మాటయే. పగయు అట్టిదే. ఆలస్యము చేసినకొలది వంకరగా అతుకును.

ఆ అక్క తెల్లవారగానే ముత్యములను చేతిగుడ్డలో మూటగట్టుకొని చెల్లెలి వాకిట నిలిచెను. "చెల్లీ, అమ్మ హారం తెగిపోయింది. లెక్కకు రెండు ముత్యాలు తక్కువొస్తాండాయి. నువ్వూ వచ్చి వెతకవా?" అని అడిగెను. చెల్లెలు మారుమాటాడక వెంట వచ్చెను. ఇద్దరును మోకాళ్లూని ఇల్లంతయు వెదకిరి. ఒకటి ధాన్యపు బాన క్రింద దొరకెను. రెండవది నేటికిని దొరకలేదు. హారము ఒక ముత్యము తక్కువగానే గ్రుచ్చబడి పెండ్లికూతురి మెడకెక్కెను.

ఆ ఆరేండ్లలో పోయినది కొంత తిరిగిరాదు. అయినను మిగిలినదానిని గ్రుచ్చుటకు ఇంకను వేళయున్నది. రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందు మీ దారమును పరీక్షించుకొనుడి. ఎవరి వాకిటికి పోవలసియున్నదో మీకు తెలియును. వారు రావలెనని కనిపెట్టకుడి. మీరే లేచి పొండి.

ప్రార్థన: ప్రభువా, మమ్మును వెలయిచ్చి కొన్నావు. మాలో పాతబడిన దారమును నీవే తీసివేసి, నీ ప్రేమతో మమ్మును మరల గ్రుచ్చుము. మొదట మాటాడు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.